పరదేశం నుంచి వచ్చిన బిడ్డ - మన ఇల్లు, మన మాట

(నంద్యాలలో జరిగిన సొసైటీ వార్షిక సమావేశంలో ఆళ్ళగడ్డ సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు ముందు మేము ఒప్పుకోలేదు. మాది ఆళ్ళగడ్డలో పరుపుల దుకాణం. దూది ఏకడం, పరుపు కుట్టడం తెలుసు గాని వేదికనెక్కి ఉపన్యాసమివ్వడం మాకు అలవాటు లేని పని. అయితే కార్యదర్శిగారు "పెద్ద మాటలు వద్దు, మీ ఇంట్లో జరిగినది చెప్పండి, నలుగురికి పనికివస్తుంది" అన్నారు. అందుకని నిలబడ్డాము. మేము అంటే మేమిద్దరం, భార్యాభర్తలం. మాట ఒకరి నోట వచ్చినా అనుభవం ఇద్దరిదీ.

చెప్పబోయేది మా ఇంటికి వచ్చిన ఒక బిడ్డ సంగతి. ఆ అమ్మాయి ఇప్పుడు హైస్కూలుకు పోతున్నది. ఇక్కడికి బయలుదేరే ముందు ఆమెను అడిగాము. "నా పేరు చెప్పొద్దు. మిగతాదంతా చెప్పండి. మీరు చేసిన తప్పులు కూడా చెప్పండి" అన్నది. ఆమె మాట ప్రకారమే చెబుతాము.

బిడ్డ వచ్చిన రోజు

మా తమ్ముడు కువైట్‌లో డ్రైవరుగా పనిచేసేవాడు. అతని భార్య హైదరాబాదు అమ్మాయి, అక్కడే ఆసుపత్రిలో నర్సు. మా ఇంట్లో మాట తెలుగు. మన నూర్‌బాషా కుటుంబాల సంగతి మీకు తెలిసిందే, నమాజు అరబ్బీలో, సంసారం తెలుగులో. మా మరదలికేమో ఉర్దూ తప్ప తెలుగు అంతంతమాత్రం. ఆమె డ్యూటీకి పోతే బిడ్డ పగలంతా అరబ్బీ మాట్లాడే పక్కింటివాళ్ళ దగ్గర పెరిగింది. బడిలో ఇంగ్లీషు. ఈ విధంగా మూడు భాషలు వచ్చిన బిడ్డకు తెలుగు మాత్రం, నాన్న ఫోనులో మాతో మాట్లాడుతుంటే చెవినబడ్డంతే.

2019లో రోడ్డు ప్రమాదంలో తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకేసారి పోయారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. వాళ్ళను ఆ గడ్డ మీదే ఖననం చేశారు. బిడ్డకు అప్పుడు ఏడేళ్ళు. కాగితాలన్నీ తయారయ్యాక తెలిసినవారొకరు ఆమెను విమానంలో హైదరాబాదుకు తెచ్చారు. అక్కడినుంచి మేము రాత్రి బస్సులో ఆళ్ళగడ్డకు తీసుకొచ్చుకొన్నాము. మాకు పిల్లలు లేరు. అల్లాహ్ మా ఇంటికి ఈ అమానతును పంపాడనుకొన్నాము. కడుపులో పెట్టుకొని చూసుకోవాలని ఇద్దరం గట్టిగా అనుకొన్నాము.

ప్రేమ ఉంటే చాలు, మిగతాదంతా దానంతటదే వస్తుందనుకోవడమే మేము చేసిన మొదటి పొరపాటు.

మేము చేసిన తప్పులు

బిడ్డ వెంట ఒక సూట్‌కేసు వచ్చింది. మరునాడు పొద్దున్నే దానిలోని బట్టలన్నీ తీసి, సబ్బు పెట్టి ఉతికి, మిద్దె మీద ఆరేశాము. ప్రయాణం చేసి వచ్చిన బట్టలు గదా, శుభ్రంగా ఉండాలని. అందులో వాళ్ళమ్మ దుపట్టా ఒకటి ఉన్నది. సాయంత్రం బిడ్డ ఆ దుపట్టా తీసుకొని ముఖానికి పెట్టుకొని వాసన చూసింది. మళ్ళీ చూసింది. కువైట్ నుంచి వచ్చినప్పటినుంచి ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. ఎందుకు ఏడుస్తున్నదో మాకు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి చేయగలిగింది ఏమీ లేదు. వాళ్ళమ్మ వాసన ఈ లోకంలో ఆ ఒక్క గుడ్డలోనే మిగిలింది. దాన్ని మా చేతులతో మేమే ఉతికేశాము.

ఆ రాత్రి నిద్రలో "మాయ్, మాయ్" అని కలవరించింది. అమ్మను తలుచుకొంటున్నదనుకొని ఒళ్ళోకి తీసుకొని మేమూ ఏడ్చాము. ఆమె పెనుగులాడి మళ్ళీ "మాయ్" అన్నది. ఇట్లా మూడు రాత్రులు గడిచాయి. తర్వాత, గల్ఫులో పనిచేసి వచ్చిన మా వీధి కుర్రాడొకడు చెప్పాడు, అక్కడి అరబ్బీలో మాయ్ అంటే నీళ్ళని. బిడ్డకు దాహం వేసింది. మూడు రాత్రులు దాహమని అడిగింది, మేము మూడు రాత్రులు ఓదార్చాము. ఆనాటి నుంచి పడక పక్కన చెంబుతో నీళ్ళు పెట్టడం మొదలుపెట్టాము.

రెండో తప్పు పిలుపు గురించి. "ఇకమీదట మేమే నీకు అమ్మా నాన్నలం. మమ్మల్ని అమ్మా, నాన్నా అని పిలువు" అన్నాము. ప్రేమతోనే అన్నాము. బిడ్డకు మాత్రం, అమ్మీని అబ్బాను వదిలేసెయ్ అన్నట్లు వినబడింది. మమ్మల్ని ఏమీ పిలవకుండా ఊరకుండిపోయింది. ఏదైనా కావాలంటే దగ్గరకు వచ్చి నిలబడేది, అంతే. పిలుపు నోట రాదు.

మూడో తప్పు అన్నిటికంటే పెద్దది. బడిలో చేర్చేటప్పుడు అక్కడివారు "ఇంట్లో ఉర్దూ, గిర్దూ బంద్ చేయండి, తెలుగే మాట్లాడించండి, నెలలో వచ్చేస్తుంది" అని సలహా ఇచ్చారు. మంచికే చెప్పారనుకొన్నాము. బిడ్డ ఏదైనా ఉర్దూలో అడిగితే, "తెలుగులో అడుగు, ఇస్తాము" అనడం మొదలుపెట్టాము. అడగడానికి తెలుగు రాదు గదా! అందుకని అడగడమే మానుకొన్నది. పది రోజులకు ఉర్దూ ఆగింది. తెలుగు రాలేదు. ఇంకో పది రోజులకు మాటే ఆగిపోయింది.

మాట లేని మూడు నెలలు

మూడు నెలలు మా ఇంట్లో ఆ బిడ్డ గొంతు వినలేదు. దిండు కింద రొట్టెముక్కలు దాచుకొనేది. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేది. బంధువులు వచ్చి ఆమె ఎదుటనే "అయ్యో పాపం, అనాథ పిల్ల" అనేవారు. తెలుగు రాదు గనుక ఆమెకు తెలియదనుకొన్నారు. మాట తెలియకపోయినా ముఖాలు తెలుస్తాయి గదా! ఒకరు దిష్టి అన్నారు, ఒకరు తావీజు కట్టించమన్నారు, ఒకరు చెవుడేమో చూపించమన్నారు.

నంద్యాలలో పిల్లల డాక్టరుగారికి చూపించాము. ఆయన చెవులు చూశారు, గొంతు చూశారు, ఆడుకోవడానికి బొమ్మ ఇచ్చి కాసేపు గమనించారు. "బిడ్డకు రోగమేమీ లేదు. ఇంట్లో ఈమె భాషలో మాట్లాడేవారు ఎవరున్నారు?" అని అడిగారు. ఎవరూ లేరన్నాము. "నంద్యాలలో ఉర్దూ వచ్చినవారికి కరువా? వారానికొకసారైనా తీసుకొచ్చి ఎవరి ఇంట్లోనైనా కూర్చోబెట్టండి. తెలుగుకు తొందరేమీ లేదు. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్నాళ్ళు వినడమే పనిగా పెట్టుకొంటారు. ఈ అమ్మాయి మాత్రం వింటూ ఊరుకోలేదు, భయపడి మూసుకొన్నది" అన్నారు.

మన సొసైటీలోనే ఒక పెద్దామె ముందుకు వచ్చారు. ఆమె కూడా ఈ సభలోనే కూర్చున్నారు, పేరు చెప్పవద్దని ఆన పెట్టారు. ప్రతి ఆదివారం పొద్దున బస్సెక్కి, శిరివెళ్ళ మెట్ట మీదుగా సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణం చేసి ఆమె ఇంటికి వచ్చేవాళ్ళము. ఆమె బిడ్డకు పాఠమేమీ చెప్పలేదు. చాటలో బియ్యం పోసుకొని కూర్చొని, రాళ్ళు ఏరుతూ, తనపాటికి తాను ఉర్దూలో ఏదో మాట్లాడుతుండేది. మొదటి ఆదివారం బిడ్డ వింటూ కూర్చున్నది. రెండో ఆదివారం తానూ రాళ్ళు ఏరింది. మూడో ఆదివారం ఒక రాయి చూపించి, "దాదీ, యే భీ?" అన్నది. అంటే ఇది కూడానా అని. మేము గడప దగ్గరే నిలబడిపోయాము. ఆ మధ్యాహ్నం రెండు గంటలసేపు ఆపకుండా మాట్లాడింది. తిరుగు బస్సులో నందమూరి నగర్ దాటకముందే నిద్రపోయింది. ఇంట్లో అంత ఒళ్ళెరగని నిద్ర ఆమె ఎన్నడూ పోలేదు.

మేకపిల్లకు తెలుగు

తెలుగు ఎట్లా వచ్చిందో వింటే నవ్వుతారు. బక్రీదుకని అప్పుడే ఒక మేకపిల్లను తెచ్చి పెరట్లో కట్టేశాము. బడి నుంచి వచ్చి బిడ్డ దాని దగ్గర కూర్చునేది. ఒకనాడు వంటింటి కిటికీలోనుంచి వింటే, "రా, రా, తిను. గడ్డి తిను. ఏమే, తినవా?" అంటున్నది. మేము రోజూ ఆమెతో అనే మాటలే, మా యాసతోనే, మేకపిల్లకు చెబుతున్నది. తప్పు మాట్లాడితే మేకపిల్ల నవ్వదు గదా! మనుషులతో తెలుగు మాట్లాడే ముందు ఆమె నెల రోజులు ఆ మేకతోనే మాట్లాడింది. ఆ సంవత్సరం కుర్బానీకి వేరే జంతువును కొన్నాము. ఆ మేక మా ఇంట్లో ముసలిదై పోయింది.

ఇంకొక సంగతి మాకు ఆ పెద్దామె చెప్పారు. "తెలుగంతా కొత్తదనుకోకండి. బిడ్డకు తెలిసిన మాటలు మీ తెలుగులో ఎన్ని లేవు?" అన్నారు. నిజమే! ఒక సాయంత్రం ముగ్గురం కూర్చొని లెక్కపెట్టాము. కుర్చీ ఆమెకు కుర్సీ. కిటికీ ఆమెకు ఖిడ్కీ. దుకాణం, బజారు, కాగితం, జేబు, తరాజు, పరదా, జవాబు, తారీఖు, ఖర్చు, ఖాళీ, హక్కు, వకీలు, జిల్లా, రోజు. కొన్నిటికి ఒత్తు మారింది, కొన్నిటికి చివర ఒక అచ్చు చేరింది. ఇంట్లో వస్తువుల మీద వేలు పెడుతూ, "యే భీ మేరా, యే భీ మేరా" అని తిరిగింది. మాటకు మాట కలిసిన కొద్దీ ఇల్లు ఆమెది కాసాగింది. మేమూ ఆమె దగ్గర ఉర్దూ నేర్చుకొన్నాము. మా ఉర్దూ విని ఆమె పగలబడి నవ్వేది. పెద్దలు తప్పులు మాట్లాడి నవ్వించుకొంటే పిల్లలకు తప్పు మాట్లాడే ధైర్యం వస్తుందని అప్పుడే తెలిసింది.

పిలుపు కూడా సరిచేసుకొన్నాము. మేము నిజానికి ఆమెకు ఎవరము? పెదనాన్న, పెద్దమ్మ. అట్లానే పిలవమన్నాము. మన తెలుగు ఎంత మంచి భాషో చూడండి, పెద్దమ్మలో అమ్మ ఉన్నది, పెదనాన్నలో నాన్న ఉన్నాడు, అయినా ఎవరి చోటూ ఎవరూ ఆక్రమించలేదు. ఆ రోజు నుంచి పిలుపు వచ్చింది. అమ్మీ, అబ్బా అనే మాటలు వాళ్ళకే ఉండిపోయాయి.

తిండి సంగతీ అంతే. మా జొన్నరొట్టె, గోంగూర కారం ఆమెకు ఎక్కలేదు. అక్కడ ఖుబూస్ తిన్న పిల్ల. గోధుమపిండితో మెత్తగా, వెడల్పుగా కాల్చి పెడితే తిన్నది. వారానికి రెండు రోజులు అది, మిగతా రోజులు మాది. ఇప్పుడు ఉగ్గానీ, మిరపకాయ బజ్జీ లేనిదే ఆదివారం గడవదు.

లోకంలో తెలిసిన సంగతులు

మా అనుభవం ఒక్కటే పట్టుకొని చెప్పడం సరికాదని కొంత చదివి తెలుసుకొన్నాము. 1950 - 53 యుద్ధం తర్వాత కొరియా నుంచి వేలాది పిల్లలను అమెరికా, ఐరోపా దేశాలకు దత్తత పంపారు. మొత్తం మీద సుమారు 2 లక్షల మంది అని అంచనా. మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసులో ఫ్రాన్సుకు పోయినవారిని పెద్దయ్యాక పరీక్ష చేసి, 2003లో అక్కడి పరిశోధకులు ఫలితాలు ప్రకటించారు. కొరియా భాష వినిపిస్తే వాళ్ళు, ఆ భాష ఎన్నడూ విననివారి మాదిరిగానే, గుర్తుపట్టలేకపోయారు. ఎనిమిదేళ్ళు మాట్లాడిన భాష కూడా వాడుక లేకపోతే అట్లా జారిపోతుందన్నమాట. 2014లో కెనడాలోని మాంట్రియల్‌లో, చైనా నుంచి పసితనంలో వచ్చి ఫ్రెంచి ఇళ్ళలో పెరిగిన ఆడపిల్లలను పరీక్షించారు. వాళ్ళకు చైనా భాష ఒక్క ముక్క రాదు. అయినా ఆ భాష స్వరాలు వినిపించినప్పుడు వాళ్ళ మెదడు, ఆ భాష వచ్చినవారి మెదడు పనిచేసినట్లే పనిచేసింది. నోటికి మరుపు వచ్చినా లోపల ఎక్కడో గుర్తు మిగిలిందన్నమాట.

బడి పాఠం మాటకొస్తే, కెనడాలోనే పనిచేసిన కమిన్స్ అనే పండితుడు చెప్పినది తల్లిదండ్రులు, టీచర్లు గుర్తుంచుకోదగినది. కొత్త భాషలో ఆటపాటల మాటలు పిల్లలకు సుమారు రెండేళ్ళలో వస్తాయి. పాఠం చదివి అర్థం చేసుకొని రాసే భాషకు అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. వీధిలో గలగల మాట్లాడుతున్నది గదా, పరీక్షలో మార్కులెందుకు రావని కొట్టకూడదు, తిట్టకూడదు. మొదటి భాష గట్టిగా ఉంటే రెండోది దాని మీద నిలబడుతుందని కూడా ఆయన చెప్పాడు. మాకు ఇంట్లో అనుభవమైనదీ అదే.

మా బిడ్డకు బడిలో ఇంకొక చిక్కు వచ్చింది. తెలుగు రాదని రెండేళ్ళు చిన్న పిల్లల తరగతిలో కూర్చోబెట్టారు. టి.సి. లేదని నెల రోజులు తిప్పారు. తర్వాత తెలిసింది, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనుకబడిన దానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. టి.సి. ఆలస్యమైనదనో, వయసు ధ్రువపత్రం లేదనో చేర్చుకోకుండా ఉండకూడదు. ఈ మాట ముందే తెలిసి ఉంటే బిడ్డకు ఆ అవమానం తప్పేది. తెలియకపోవడం మా లోపమే.

2020 మార్చిలో కరోనా వల్ల బళ్ళు మూతపడ్డాయి. నంద్యాల బస్సులు ఆగిపోయాయి. ఆదివారం దాదీతో మాట ఫోనులోకి మారింది. పగలంతా మాతో దుకాణంలో, పెరట్లో ఉండడంతో తెలుగు మాత్రం కాలువ నీరు పారినట్లు వచ్చింది. బళ్ళు తెరిచేనాటికి మా యాసంతా ఆమె నోట్లోనే ఉన్నది.

మన దీన్ ఏమి చెబుతున్నది

ఇంతకూ మేము అంత తంటాలుపడి తెలుసుకొన్న విషయం మన దీన్‌లో మొదటినుంచీ ఉన్నదే. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వ సల్లం వారే పుట్టకముందే తండ్రిని, ఆరేళ్ళకు తల్లిని కోల్పోయారు. తాతగారి ఇంట, ఆయన కూడా పోయాక తండ్రి సోదరుడు అబూ తాలిబ్ ఇంట పెరిగారు. పసితనంలో ఎడారిలో హలీమా తల్లి దగ్గర ఉండి, ఆ జాతివారి స్వచ్ఛమైన అరబ్బీని విని పెరిగారు. తర్వాతి కాలంలో హలీమా వచ్చినప్పుడు తన పైవస్త్రం పరచి కూర్చోబెట్టారని చెబుతారు. పెంచిన ఇంటిని మరవలేదు, కన్నవారి వంశాన్నీ మరవలేదు.

హజ్రత్ జైద్ బిన్ హారిసా సంగతి మనందరం విన్నదే. చిన్నతనంలో దోపిడీగాళ్ళ చేత చిక్కి, సంతలో అమ్ముడుపోయి, చివరకు ఖదీజా తల్లి ద్వారా ప్రవక్తవారి ఇంటికి చేరాడు. తండ్రి వెతుక్కుంటూ మక్కాకు వస్తే, ప్రవక్తవారు డబ్బు అడగలేదు, నిర్ణయం జైద్‌కే వదిలిపెట్టారు. జైద్ ఉండిపోతానన్నాడు. జనం జైద్ బిన్ ముహమ్మద్ అని పిలవసాగారు. తర్వాత సూరా అహ్‌జాబ్‌లో ఆజ్ఞ వచ్చింది, పెంచుకొన్నవారిని వారి కన్నతండ్రుల పేరుతోనే పిలవండి, అదే న్యాయమని. జైద్ మళ్ళీ బిన్ హారిసా అయ్యాడు. ఆయన మీద ప్రవక్తవారి ప్రేమ ఏమైనా తగ్గిందా? లేదు. ముఅతా యుద్ధంలో సేనానాయకుణ్ణి చేసి పంపింది ఆయననే.

కొందరు ఈ ఆజ్ఞ చూపించి, ఇస్లాంలో పెంపకానికి చోటు లేదంటారు. అది తప్పు. యతీమును సాకినవాడు స్వర్గంలో తనకు రెండు వేళ్ళంత దగ్గరలో ఉంటాడని ప్రవక్తవారు చెప్పారు. వద్దన్నది పెంపకాన్ని కాదు, అబద్ధాన్ని. బిడ్డ పుట్టుక దాచడం, తండ్రి పేరు మార్చడం, పాత జీవితం లేనట్లు చేయడం, ఇవి వద్దన్నారు. మేము దుపట్టాను ఉతికి, పిలుపు మార్చి, భాష ఆపి చేసినదంతా తెలియక ఆ వద్దన్న పనే.

కాగితాలు, హక్కులు

ఇక చట్టం గురించి నాలుగు మాటలు. మనవాళ్ళు ఇక్కడ చాలా నష్టపోతున్నారు.

1956 హిందూ దత్తత చట్టం మనకు వర్తించదు. తండ్రి పోయిన బిడ్డకు పెదనాన్న అయినా, మేనమామ అయినా దానంతట అదే చట్టరీత్యా ఆస్తి సంరక్షకుడు కాలేడు. 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి. మేము తెచ్చుకొన్నాము. ఆ కాగితం లేకపోతే పాస్‌పోర్టు, బ్యాంకు, పరిహారం ఏ పనీ ముందుకు సాగదు.

బంధుత్వం లేని బిడ్డను పెంచుకోదలచినవారికి జువెనైల్ జస్టిస్ చట్టం దారి ఇస్తున్నది. 2014 ఫిబ్రవరి 19న షబ్నం హాష్మీ కేసులో సుప్రీంకోర్టు, మతంతో సంబంధం లేకుండా ఎవరైనా ఆ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని చెప్పింది. అది ఇష్టమైనవారికి మాత్రమే, షరియత్ ప్రకారం నడుచుకోదలచినవారిని బలవంతం చేయదని కూడా చెప్పింది. 1989 ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక కఫాలత్‌ను పేరు పెట్టి గుర్తించింది. 1992లో మన దేశం ఆ ఒడంబడికలో చేరింది. ఏ దారి పట్టినా, పసిబిడ్డకు పాలిచ్చే బంధుత్వం, మహ్రం సంగతులు ముందే ఉలమాలను అడిగి తెలుసుకోండి.

ఎవరో తెచ్చి ఇచ్చారని కాగితం లేకుండా బిడ్డను తీసుకోవద్దు, ఇవ్వవద్దు. 1999లోనూ 2001లోనూ హైదరాబాదులో ఏమి జరిగిందో పెద్దలకు గుర్తుండాలి. పేద లంబాడా తల్లుల ఆడబిడ్డలను డబ్బిచ్చి తీసుకొని విదేశాలకు దత్తత పంపుతున్నారని కేసులు నడిచాయి. అట్లా పోయిన బిడ్డకు రేపు తన తల్లి ఎవరో చెప్పేవారుండరు. జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తతలన్నీ కేంద్ర సంస్థ కారా ద్వారానే జరగాలి. దిక్కులేని బిడ్డ కనబడితే 1098కి ఫోను చేయండి.

బిడ్డ సొమ్ము బిడ్డదే. యతీముల ఆస్తిని మీ ఆస్తిలో కలపవద్దని, పెద్దయ్యాక సాక్షుల ఎదుట అప్పగించమని సూరా నిసా చెబుతున్నది. మా తమ్ముడి తాలూకు వచ్చిన డబ్బు బిడ్డ పేరనే బ్యాంకులో ఉన్నది. పెంచుకొన్న బిడ్డకు మన ఆస్తిలో వారసత్వం రాదు గనుక, ఇవ్వదలచినవారు బ్రతికుండగా హిబా చేయాలి, లేదా మూడో వంతుకు మించకుండా వసియ్యత్ రాయాలి. రేపు చూద్దాంలే అనుకొంటే బిడ్డ వీధిన పడుతుంది.

సొసైటీకి మా మనవి

మన నంద్యాల, ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళకు గల్ఫుతో సంబంధం ఉన్నది. అక్కడ పుట్టిన పిల్లలు ఏదో ఒక కారణంతో అవ్వాతాతల దగ్గరకు, మామల దగ్గరకు వస్తూనే ఉంటారు. దిక్కులేక వచ్చినవాళ్ళు కొందరైతే, తల్లిదండ్రులుండీ ఇక్కడ దించిపోబడినవాళ్ళు కొందరు. వాళ్ళ కోసం మూడు పనులు చేయమని అడుగుతున్నాము.

ఒకటి. ఎవరికి ఏ భాష వచ్చునో ఒక పుస్తకంలో రాసుకొందాము. ఉర్దూ, అరబ్బీ, ఇంగ్లీషు, హిందీ, ఏదైనా సరే. కొత్తగా వచ్చిన బిడ్డకు తన భాషలో మాట్లాడే మనిషి వారానికి రెండు గంటలు దొరికితే చాలు. దీనికి చందా అక్కరలేదు, చాటలో బియ్యం పోసుకొని కూర్చునే ఓపిక చాలు.

రెండు. చదువుకొన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు కాగితాల పనికి సాయం చేయాలి. మరణ ధ్రువపత్రం, పాస్‌పోర్టు, గార్డియన్ పిటిషన్, బడి ప్రవేశం, ఈ నాలుగింటి దగ్గర ప్రతి కుటుంబమూ విడివిడిగా తిరిగి అలసిపోతున్నది.

మూడు. ఇది డబ్బూ కాదు, పనీ కాదు. బిడ్డ ఎదుట "పాపం", "అనాథ" అనే మాటలు ఆపుదాము. "ఎవరి బిడ్డ?" అని అడిగితే "ఫలానావారి బిడ్డ, మా ఇంట్లో పెరుగుతున్నది" అందాము. అందులో అవమానం లేదు.

ఇక కొత్తగా బిడ్డను ఇంటికి తెచ్చుకోబోయేవారికి ఒక్క మాట. వెంట వచ్చిన పెట్టెను తొందరపడి సర్దకండి. దానిలో ఏ వస్తువు ఏమిటో బిడ్డ చెప్పేదాకా ఆగండి. మాటకైనా అంతే.

మా బిడ్డ ఇప్పుడు తెలుగులో కలలు కంటున్నదని చెబుతుంది. నమాజు తర్వాత అమ్మీ అబ్బాల కోసం దుఆ మాత్రం ఉర్దూలోనే చేస్తుంది. మొన్నొక రోజు, "వాళ్ళను పెట్టిన చోటు నేనెప్పుడు చూస్తాను, పెదనాన్నా?" అని అడిగింది. ఇది ఆమె తెలుగులోనే అడిగింది. చూపిస్తామని మాట ఇచ్చాము. డబ్బు కూడబెడుతున్నాము. మా ఆయుష్షు చాలేలాగా, మా మాట నిలిచేలాగా మీరందరూ దుఆ చేయమని కోరుతున్నాము.

 మాటలో తప్పులుంటే మన్నించండి. అల్లాహ్ మన ఇళ్ళకు చేరిన ప్రతి బిడ్డ విషయంలోనూ మనలను అమానతు నిలబెట్టుకొనేవారిగా చేయుగాక. ఆమీన్.